క్లబ్బు బీమా కూడా మీతోపాటే రిటైరవుతోంది

ప్రశ్న: సార్, నమస్కారం. నాకు 58 ఏళ్ళు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. 1998 నుంచి కోల్‌కతా మైదాన్‌లోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో కిట్ మ్యాన్‌గా, అంటే ఆటగాళ్ళ బూట్లూ జెర్సీలూ చూసేవాడిగా చేస్తున్నాను. వచ్చే నెలాఖరుకు నన్నూ, మా మసాజర్‌నూ, గ్రౌండు చూసే మాలీనీ ఒకేసారి రిటైర్ చేస్తున్నారు. సన్మానం కూడా పెట్టారు. బేసిక్, డీఏ కలిపి నా ఆఖరి జీతం 24,000. పీఎఫ్ 2011 నుంచి కడుతున్నారు. పీఎఫ్ 11,20,000, గ్రాట్యుటీ 1,93,846 వస్తాయని ఆఫీసులో కాగితం ఇచ్చారు. పెన్షన్ నెలకు 2,700 దాకా రావచ్చన్నారు. చిన్న సొంత ఇల్లుంది. అమ్మాయి పెళ్ళయింది. అబ్బాయి ప్రైవేటు ఉద్యోగం చేస్తూ ఇంట్లోకి 7,000 ఇస్తాడు. నెల ఖర్చు 20,000. మసాజరూ నేనూ ఒక పాత ఆటగాడూ కలిసి గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి పరిచిన ఆట మైదానం) పెడదామనుకుంటున్నాం. నా వాటా 18 లక్షలు. తక్కువ పడేదాంట్లో రెండు లక్షలు మా ఆవిడ బంగారం మీద, మిగతా మూడు లక్షలు తెలిసినవాళ్ళ దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామని ఉంది. అల్లుడేమో షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్‌లో పెట్టమంటున్నాడు. నాకు పదేళ్ళుగా షుగర్, మా ఆవిడకు బీపీ. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టర్ఫ్ గురించి ఉంది, వడ్డీ గురించి ఉంది, అల్లుడిగారి సలహా ఉంది. షుగరూ బీపీ మాత్రం ఆఖర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఒక్క ముక్కలో ఉన్నాయి. ఇక ఆరోగ్య బీమా అన్న మాట ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు. అందుకే మీ ప్రశ్నను ముందుకు తెచ్చి జవాబిస్తున్నాను. ఉద్యోగం నుంచి దిగిపోతున్నవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే. చేతికొచ్చే డబ్బును లెక్కపెట్టుకుంటారు, చేజారిపోయేది లెక్కలోకి రాదు.

ఇన్నాళ్ళూ మీకు, మీ భార్యకు ఆసుపత్రి ఖర్చు వస్తే క్లబ్బు గ్రూప్ మెడిక్లెయిమ్ (సిబ్బంది అందరికీ కలిపి తీసుకునే ఆరోగ్య బీమా) చూసుకుని ఉంటుంది. ఏటా ఆఫీసువాళ్ళే కట్టారు కాబట్టి అది ఉన్నట్టే మీకు అనిపించి ఉండదు. సిబ్బంది జాబితాలోంచి మీ పేరు తీసేసిన రోజున ఆ బీమా కూడా పోతుంది. సన్మానం నాడు శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు. రేపటి నుంచి మీకు బీమా లేదని మైకులో ఎవరూ చెప్పరు.

కాబట్టి టర్ఫ్ సంగతి తర్వాత. క్లబ్బులో మీకింకా కొన్ని వారాలున్నాయి. అవి చాలా విలువైన వారాలు. రేపే ఆఫీసుకెళ్ళి గ్రూప్ పాలసీ ఏ కంపెనీదో, ఎంత మొత్తానికో, మీరు ఏ సంవత్సరం నుంచి అందులో ఉన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. గ్రూప్‌లోంచి బయటికొచ్చేవాళ్ళు అదే కంపెనీ సొంత పాలసీలోకి మారే వీలును బీమా నియంత్రణ సంస్థ నిబంధనలే కల్పించాయి. అలా మారితే ఇప్పటిదాకా గ్రూప్‌లో గడిపిన కాలం పాత జబ్బుల నిరీక్షణలో, అంటే అప్పటికే ఉన్న జబ్బులకు బీమా డబ్బు ఇవ్వని కాలంలో, కలిసొస్తుంది. వైద్య పరీక్షలు అడగవచ్చు, ప్రీమియం ఎక్కువ చెప్పవచ్చు. అయినా మారండి. ఆ కాలం వదులుకుని ఆరు నెలల తర్వాత కొత్తగా కొనబోతే మీ షుగర్‌కు మూడేళ్ళ దాకా నిరీక్షణ పెట్టే అధికారం కంపెనీకి ఉంటుంది. ఇప్పుడు ఒక దరఖాస్తుతో తేలే పనికి 61 ఏళ్ళ దాకా గుండె చేత పట్టుకుని కూర్చోవడం దేనికి?

ఇద్దరికీ కలిపి ఐదు లక్షలకు తక్కువ కాకుండా తీసుకోండి. గదికి ఇంతకు మించి ఇవ్వం, ప్రతి బిల్లులో ఇంత మీరే కట్టాలి అనే షరతులు ఉన్నాయేమో చూడండి. షుగర్ ఉందని ఫారంలో స్పష్టంగా రాయండి, వేసుకునే మాత్రల పేర్లతో సహా. ఏజెంటు ‘అది రాయకండి, ప్రీమియం పెరుగుతుంది’ అంటే ఆ ఏజెంటును మార్చండి. దాచిన జబ్బు క్లెయిమ్ వేసిన రోజున బయటపడుతుంది. అప్పుడు కట్టిన ప్రీమియమూ పోతుంది, బిల్లూ మీద పడుతుంది. మీ వయసుకూ జబ్బులకూ ఏటా 50,000 దాకా అవుతుందనే లెక్కతో పక్కన పెట్టుకోండి, తక్కువకు వస్తే సంతోషం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అదొక ఊరట. మీ ఆవిడ పేరుతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ఆరోగ్య పథకం స్వాస్థ్య సాథీ కార్డు ఉంటే జాగ్రత్తగా ఉంచుకోండి, అక్కరకొస్తుంది. అన్ని ఆసుపత్రులూ ఆ జాబితాలో ఉండవు కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మీతోపాటు దిగిపోతున్న మాలీగారికి ఒక మాట చేరవేయండి. ఆయన జీతం 21,000 లోపు ఉండి, కనీసం ఐదేళ్ళు ఈఎస్ఐలో ఉంటే, రిటైరయ్యాక ఏడాదికి 120 రూపాయలు కట్టి ఆయనా భార్యా ఈఎస్ఐ వైద్యం పొందవచ్చు. నూట ఇరవై రూపాయలే, నెలకు కాదు, సంవత్సరానికి. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఆ కార్డును పెట్టె అడుగున పడేస్తారు.

ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక కర్మాగారంలో ఫోర్‌మన్‌గా రిటైరైన పెద్దమనిషి నా దగ్గరికొచ్చారు. వచ్చిన డబ్బంతా కొడుకు దుకాణంలో పెట్టేశారు. బీమా ‘దుకాణం కుదురుకున్నాక’ తీసుకుందామనుకున్నారు. నాలుగో నెలలో ఆయన భార్యకు గుండె నొప్పి వచ్చింది. ఆపరేషనుకు డబ్బు కావాలని దుకాణంలోని సరుకును కొన్న ధరకంటే తక్కువకు అమ్మేశారు. ఆవిడ బతికారు, దుకాణం మూతపడింది. ఆయన నా దగ్గరికి వచ్చేటప్పటికే ఇదంతా జరిగిపోయింది. చేయగలిగింది ఏమీ మిగల్లేదు. మీరు ముందే రాశారు, అదే తేడా.

ఇప్పుడు అప్పు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6,000 వడ్డీ, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. మీ పెన్షన్ 2,700. టర్ఫ్‌లో మొదటి బంతి తన్నకముందే మీ పెన్షన్‌కు రెట్టింపు కంటే ఎక్కువ సొమ్ము ప్రతి నెలా ఇంకొకరి జేబులోకి వెళ్తుంది. వర్షాకాలంలో బుకింగులు పడిపోయినా వడ్డీ ఆగదు. ఈ ఆలోచన మీకు ఎవరు చెప్పారో గానీ, 58 ఏళ్ళ మనిషికి, జీతం ఆగిపోతున్న నెలలో, ఈ వడ్డీకి అప్పు చేయమన్నవాళ్ళు మీ మేలు కోరేవాళ్ళు కారు.

బంగారం సంగతి ఇంకా బాధ కలిగించింది. ఆసుపత్రి గుమ్మంలో గంటలో డబ్బు కావాలంటే మీ ఇంట్లో పనికొచ్చే ఆఖరి ఆధారం ఆ బంగారమే. దాన్ని ప్లాస్టిక్ గడ్డి కోసం ముందే తాకట్టులో పెడితే ఆ గంట వచ్చినప్పుడు ఏం పెడతారు? మీ ఆవిడను ఒకసారి విడిగా అడగండి, ఆ నగలు ఇవ్వడం ఆవిడకు నిజంగా ఇష్టమేనా అని.

టర్ఫ్ పెట్టాలన్న కోరికను నేను తప్పు పట్టను. ఇరవై ఏడేళ్ళు ఆటగాళ్ళ బూట్లూ జెర్సీలూ చూసుకున్న మనిషికి మైదానం వదలడం ఎంత కష్టమో ఊహించగలను. అయితే మీ దగ్గరున్న పెట్టుబడి ఆ అనుభవమే. టర్ఫ్‌ను ఎవరు ఎన్ని గంటలకు వాడుతున్నారో చూడటం, సామాను లెక్క, కుర్రాళ్ళతో నేర్పుగా మాట్లాడటం మీకు చేతనైనట్టు మీ భాగస్వాములకు చేతకాదు. జీతానికి చేస్తానని చెప్పండి. మీ అనుభవం కావాలనుకుంటే జీతమిచ్చి పెట్టుకుంటారు. ‘18 లక్షలు తెస్తేనే’ అంటే వాళ్ళకు కావలసింది మీ డబ్బు. స్థలం లీజు ఎవరి పేరున ఉందో కూడా మీరు రాయలేదు. అందులో మీ పేరు లేకపోతే డబ్బు పెట్టే మాట ఇక ఎత్తనే వద్దు.

ఆప్షన్స్ గురించి ఒక్క ముక్కే. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. అల్లుడిగారికి ఆ అంకె చెప్పి ఊరుకోండి.

ఇప్పుడు మీరు అడగని ఒక విషయం. ఆఫీసువాళ్ళిచ్చిన గ్రాట్యుటీ కాగితం నాకు సరిగ్గా కనబడటం లేదు. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేయాలి. మీ 24,000కు ఏడాదికి 13,846 వస్తుంది. వాళ్ళు చూపిన 1,93,846 సరిగ్గా 14 ఏళ్ళ లెక్క. అంటే పీఎఫ్ మొదలైన 2011 నుంచే లెక్కించారు. గ్రాట్యుటీకి పీఎఫ్ తేదీతో సంబంధం లేదు, ఉద్యోగంలో చేరిన తేదీయే లెక్క. పది మంది, అంతకు మించి పనిచేసే క్లబ్బులకు కూడా ఇది వర్తిస్తుంది. 27 ఏళ్ళకు 3,73,846 రావాలి. మీకు 1,80,000 తక్కువ చూపించారు. కావాలని చేశారని అనను, పీఎఫ్ రికార్డు చూసి గుమాస్తా వేసేసి ఉండవచ్చు.

‘అప్పట్లో సీజను ఒప్పందాలే కదా’ అని ఆఫీసులో అనవచ్చు. ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉంటే ఆ ఏడాది నిరంతర సేవ కిందికే వస్తుంది. 1998 నాటి నియామక పత్రం, గుర్తింపు కార్డులు, జీతం రిజిస్టరులో మీ సంతకాలు, జట్టుతో పర్యటనలకు వెళ్ళిన ప్రయాణ కాగితాలు, ఏది దొరికితే అది పోగు చేయండి. మసాజరుగారి కాగితం కూడా తెచ్చి చూడండి, అక్కడా ఇదే పొరపాటు జరిగి ఉంటుందని నా అనుమానం. ముందు మర్యాదగా ఒక ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. చెల్లించాల్సిన రోజు నుంచి 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా. ఆటగాడి బాకీ ఆగితే అడగడానికి ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లో ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ఉంది. కిట్ మ్యాన్‌కు ఉన్నది కార్మిక శాఖ కార్యాలయం. తేలకపోతే అక్కడికి వెళ్ళడానికి మొహమాటపడకండి. 2025 జూలైలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ పోటీ) కొత్త సీజనును ప్రస్తుతానికి నిలిపేశామని నిర్వాహకులు ప్రకటించిన తర్వాత క్లబ్బులు ఖర్చులు ఎలా బిగించాయో మీరు దగ్గరుండి చూసే ఉంటారు. అలాంటి రోజుల్లో అడగనివాడి బాకీ ముందు మరుగున పడుతుంది.

చేతికొచ్చే 13,13,846ను ఇలా సర్దుకోండి. మూడు లక్షలు మీ ఇద్దరి పేరున గడువుకు ముందే ఎప్పుడైనా తీసుకునే వీలున్న ఫిక్స్‌డ్ డిపాజిట్లలో, లక్ష చొప్పున మూడుగా పెట్టండి. ఇది ఆసుపత్రి డబ్బు. బీమా ఒప్పుకోని ఖర్చులు, నిరీక్షణ కాలంలో వచ్చే బిల్లులు దీంట్లోంచే. అబ్బాయి బండి కొనడానికి దీన్ని తీయకూడదు. లక్ష రూపాయలు రెండేళ్ళ ప్రీమియంకు వేరే ఖాతాలో ఉంచండి. తొమ్మిది లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయండి. మీకింకా 60 నిండలేదు కాబట్టి రిటైర్‌మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేయాలి, ఆ గడువు దాటనివ్వకండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 18,450 వస్తుంది, అంటే నెలకు 6,150. మిగిలే పదమూడు వేల చిల్లర చేతి ఖర్చులకు. గ్రాట్యుటీలో రావలసిన 1,80,000 వచ్చినప్పుడు దాన్ని కూడా ఆసుపత్రి డబ్బులోనే కలపండి.

6,150, పెన్షన్ 2,700, అబ్బాయి ఇచ్చే 7,000 కలిపితే 15,850. మీ ఖర్చుకు నెలకు 4,150 తగ్గుతుంది. ఆ లోటును వడ్డీ ఆశలతోనూ ట్రేడింగుతోనూ పూడ్చాలని చూడకండి. ఫుట్‌బాల్ అకాడమీలకూ, స్కూలు జట్లకూ, చిన్న డివిజను క్లబ్బులకూ కిట్ చూసేవాళ్ళు కావాలి. సగం రోజు పనికి కూడా ఆ లోటు తీరుతుంది. షుగరున్న మనిషికి ఇంట్లో కూర్చోవడం కంటే అదే మంచిది కూడా.

రేపు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు రెండు కాగితాలు పట్టుకెళ్ళండి. ఒకటి గ్రూప్ పాలసీ వివరాలు ఇవ్వమని, రెండోది 1998 నుంచి గ్రాట్యుటీ మళ్ళీ లెక్కించమని. రెండింటి మీదా అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని నాకు మళ్ళీ రాయండి. బీమా కంపెనీ ఏం చెప్పిందో చూశాక ఐదు లక్షలు చాలునా, పెంచాలా అన్నది మాట్లాడుకుందాం.