బ్రెయిన్‌వీటాలో ఆఖరి గోళీ అంచుకే పోతా ఉంది!

ప్రశ్న: సార్, కరెంటు పోయినప్పుడు కాలక్షేపానికని మా పిల్లోడి బ్రెయిన్‌వీటా (ఒక గోళీని పక్కదాని మీదగా ఖాళీ గుంటలోకి దూకించి, దాటినదాన్ని తీసేస్తా, చివరికి నడి గుంటలో ఒక్కటే మిగల్చాల్సిన ఆట) ముందేసుకుంటే ఇప్పుడు నాకే పిచ్చి పట్టింది, మొన్న పొయ్యి మీద పప్పు మాడినా తెలీలా. ఎప్పుడూ మూడో నాలుగో మిగిలేవి, నిన్న ఎట్టనో ఒక్కటే మిగిలింది, కానీ నడిమధ్యలో కాదు, పై అంచు వరసలో మధ్య గుంటలో. ఇది గెలుపు కాదంటా ఉండాడు మా వాడు. ఏందిది?
– ఒక గృహిణి, కావలి

జవాబు: మీ వాడు చెప్పింది కరెక్టే గానీ, అమ్మా, గెలుపు మీ చేతిదాకా వచ్చి జారింది. 33 గుంటలు, 32 గోళీలు, 31 దూకులు. నడి గుంట ఖాళీ పెట్టి మొదలుపెడితే చివరి ఒంటి గోళీ మిగలగలిగేది ఐదు చోట్లే, నడి గుంట, నాలుగు అంచుల మధ్య గుంటలు. పై అంచు మధ్యకి గోళీ రావాలంటే కింద నుంచి నిలువునా దూకాల్సిందే, అంటే ఆఖర్న దాని కింద రెండు గుంటల్లో రెండు గోళీలు ఉన్నాయన్నమాట, మీరు కిందిదాన్ని పైకి దూకించారు. పైదాన్ని కిందికి దూకించుంటే సరిగ్గా నడిమధ్యలో పడేది! ఈసారి చూసుకోండి.

మూడు నాలుగు మిగిలేదానికి కారణం ఎక్కువగా మూలలే. అంచుల్లో ఎనిమిది మూల గోళీలుంటాయి చూడండి, వాటి మీద నుంచి ఏదీ దూకలేదు, అవే దూకి బయటికి రావాలి. చాలామంది మధ్యలో గోళీలన్నీ తినేసి వీటిని ఒంటరి చేస్తారు, ఇంక అంతే.

ఇంకో కిటుకు. వరసగా మూడు గోళీలు, చివరిదానికి ఒక పక్క గోళీ, రెండో పక్క ఖాళీ ఉందనుకోండి. పక్క గోళీతో ఆ చివరిదాని మీద దూకండి, అవతలి కొసది మధ్యదాని మీద దూకి, ఇప్పుడే తీసేసిన ఆ చివరిదాని గుంటలోకొస్తుంది, మొదట దూకింది దాని మీదగా వెనక్కి ఇంటికొచ్చేస్తుంది. మూడూ ఖతం, దూకిన గోళీ యథాస్థానం.

ఒకే గోళీతో వరసగా ఎన్ని దూకులేసినా ఒక ఎత్తుగా లెక్కేస్తే మొత్తం ఆట 18 ఎత్తుల్లో అయిపోద్ది, 1912లో బెర్గోల్ట్ అనే ఆయన చేసి చూపించాడు. మీరిప్పుడే దాని జోలికి పోవద్దు, పప్పు మళ్ళీ మాడుద్ది.

ప్రశ్న: మా బోర్డుకి 37 గుంటలు, ఎంతాడినా ఒక్కటి మిగలట్లా.
– కనిగిరి నుంచి ఒక విద్యార్థి

జవాబు: అది ఫ్రెంచి బోర్డు బాబూ, నడి గుంట ఖాళీతో మొదలుపెడితే అందులో ఒక్కటి మిగల్చడం ఎవరి వల్లా కాదు, లెక్కే అట్టాంటిది. పై నుంచి రెండో వరసకీ, కింది నుంచి రెండో వరసకీ రెండు కొసల్లో ఉండే నాలుగు గుంటల్లో ఒక్కో చింతగింజ పెట్టి మూసేయండి, 33 అయిపోద్ది.