సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారుకి ఏ కేబుల్ కొనాలి? ముందు గోడలో పాయింట్ చూడండి

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారుతో చార్జింగ్ కేబుల్ రాలేదని, ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి కనిపించిందని, హాల్లోంచి జంక్షన్ బాక్స్ వేసి షెడ్డు దాకా లాగొచ్చా అని పాలకొల్లు నుంచి అడిగారు. జంక్షన్ బాక్స్ మాత్రం వద్దండి. డబ్బు ముందు గోడలో పాయింట్ మీద పెట్టండి, కేబుల్ సంగతి ఆ తర్వాత.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కారు పెట్టేది ఒకప్పటి పశువుల పాకలో. అక్కడి 15 ఆంప్స్ పాయింట్ నీళ్ల మోటారు కోసం వేసింది. మోటారు కాసేపు ఆడి ఆగిపోతుంది, కారు అలా కాదు, గంటల తరబడి ఒకే కరెంటు లాగుతూ ఉంటుంది. కొన్నాళ్లకి సాకెట్ మీద కుడివైపు రంధ్రం చుట్టూ టీ మరకలా గోధుమ రంగు కనిపించింది. ప్లగ్గు పీకితే ఒక పిన్ను నల్లబడి ఉంది, ముట్టుకుంటే చెయ్యి కాలింది. విప్పి చూస్తే లోపల స్క్రూ వదులు, వైరేమో పాత అల్యూమినియం. అంటే కేబుల్‌లో ఏ లోపమూ లేదు.

మీటరు దగ్గర నుంచి విడిగా 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరు లాగించి, మంచి రకం 16 ఆంప్స్ సాకెట్, 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించాను. కారులో గానీ చార్జర్‌లో గానీ కరెంటు తగ్గించే సెట్టింగ్ ఉంటే 10 ఆంప్స్‌లో పెట్టుకోండి. వేడి కరెంటు వర్గాన్ని (కరెంటుని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది కాబట్టి 16 నుంచి 10కి దిగితే పిన్నుల దగ్గర వేడి సగానికన్నా తక్కువవుతుంది. రోజుకి 40 కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకి మూడు గంటల చార్జింగ్ సరిపోతుంది, తొందరేముంది?

అసలు టెన్షన్ ఎర్త్‌తో. మన వైపు పాత ఇళ్లల్లో ప్లగ్గుకి మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. గోడ ప్లగ్గుకి పెట్టే కేబుల్ మధ్యలో ఉండే చార్జర్ పెట్టె, ఎర్త్ లేదని ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే వైరుని) ఎర్త్‌కి కలిపేద్దాం అంటారు, అదే పని చేసే చిన్న అడాప్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కూడా. దయచేసి కొనకండి. గాలివానకి కొబ్బరి మట్ట పడి వీధి తీగల్లో న్యూట్రల్ తెగిందంటే, ఇంట్లో ఆన్‌లో ఉన్న ఫ్యాను, ఫ్రిజ్ గుండా 230 వోల్టులు తిరిగొచ్చి కారు బాడీకి చేరతాయి. ఆర్‌సీసీబీ దాన్ని పట్టుకుంటుందన్న భరోసా లేదు. డెల్టాలో భూమిలో నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి ఎర్త్ గొయ్యి తవ్వించడం పెద్ద పనేం కాదు, కాకపోతే సముద్రానికి దగ్గరైతే ఉప్పు గాలికి బిగింపులు తుప్పు పడతాయి, ఏడాదికోసారి చూపించండి. జనరేటర్ మీద కూడా ఇదే ఎర్ర లైటు రావచ్చు, కారు చెడిపోయిందని కంగారు పడకండి.

ఇక కేబుల్. ఇప్పటి కార్లు ఎక్కువగా టైప్ 2 గన్‌వే (గన్ అంటే కారుకి గుచ్చే కనెక్టర్). కారులోని చార్జర్ 3.3 కిలోవాట్లదైతే 32 ఆంప్స్ కేబుల్ కొన్నా స్పీడు పెరగదు. గోడ ప్లగ్గు కాకుండా చార్జింగ్ స్టేషన్‌కి పెట్టుకునే, రెండు వైపులా కనెక్టర్ ఉండే కేబుల్ కొంటే జాగ్రత్త: లోపల ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది, 220 ఓమ్‌లైతే 32 ఆంప్స్, 680 అయితే 20 ఆంప్స్ మోస్తానని స్టేషన్‌కి చెబుతుంది. సన్న రాగి వేసి 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పైకి తేడా తెలియదు. 32 ఆంప్స్‌కి 6 స్క్వేర్ రాగి ఉండాలి. చేత్తో ఎత్తితే తేలిగ్గా ఉన్నదాన్ని నేనైతే తీసుకోను.

వాడేటప్పుడు చుట్ట పూర్తిగా విప్పండి. చార్జర్ పెట్టెని సాకెట్‌కి వేలాడనివ్వకండి, ఆ బరువుకే ప్లగ్గు వదులవుతుంది. గోడకి మేకు కొట్టి తగిలించండి, వరద నీళ్లొచ్చినా ఎత్తులో ఉంటుంది. పెట్టె మీద ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే గుర్తు) అని ఉన్నా అది పెట్టెకే, గోడ ప్లగ్గుకి కాదు. పక్కన వడ్ల బస్తాలుంటే కేబుల్‌ని రాత్రి కింద వదలకండి, పందికొక్కులు రబ్బరుని వదలవు.

మీ కారు మోడల్ ఏదో రాయండి, 16 ఆంప్స్ కేబుల్ చాలో, 32ది కావాలో చెబుతాను.