గాంధీగా నటించిన బెన్ కింగ్‌స్లీ భారతీయుడేనా?

కాదు, 1943లో యార్క్‌షైర్‌లో పుట్టిన బ్రిటిష్ నటుడాయన. కాకపోతే తండ్రి వైపు నుంచి గుజరాతీ. తండ్రి డాక్టర్, తల్లి ఇంగ్లీషావిడ. అసలు పేరు కృష్ణ పండిట్ భాంజీ. ఆ పేరు చూసి ఎక్కడ పక్కన పెట్టేస్తారోనని కెరీర్ మొదట్లోనే మార్చుకున్నారు. జాంజిబార్‌లో లవంగాల వ్యాపారం చేసిన తాతను 'కింగ్ క్లోవ్' అనేవారట, 'కింగ్‌స్లీ' అందులోంచే వచ్చింది.

'గాంధీ' (1982) ఆయన మొదటి సినిమా అని చాలామంది పొరపాటు పడతారు. నిజానికి 1972లోనే వెండితెరపై కనిపించారు. అంతకన్నా ముఖ్యం, 1967లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరి ఏళ్ల తరబడి నాటకాలాడారు. ఉదాహరణకు 1975లో హామ్లెట్ ఆయనే. ఆస్కార్ తెచ్చిన ఆ నటన వెనకున్నది ఈ రంగస్థల సాధనే.