మనసు మాత్రలు మానేసే ముందు

డిప్రెషన్‌కి ఏళ్ల తరబడి వాడుతున్న మాత్రలు ఆపొచ్చా, ఆపితే ఎలా ఆపాలి? ఈ నెల ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అడిగింది ఇదే. మా ఫ్యామిలీ డాక్టర్ల బృందం జవాబులు ఇవి.

ప్ర: నాకు 46 ఏళ్లు. ఆరేళ్ల కిందట విశాఖపట్నంలో మానసిక వైద్యులు ఎసిటలోప్రామ్ 10 మి.గ్రా. రాశారు. ఏడాది తిరక్కుండానే కోలుకున్నాను. మళ్లీ అంతదూరం వెళ్లలేదు, పాత చీటీ చూపిస్తే షాపులో ఇస్తున్నారు. మా ఊరి డాక్టరుగారేమో ‘బాగానే ఉన్నారుగా, వేసుకుంటూ ఉండండి’ అంటున్నారు. జీవితాంతం వాడాల్సిందేనా? - ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జ: అక్కర్లేకపోవచ్చునమ్మా. డిప్రెషన్ మొదటిసారి వచ్చినవాళ్లు పూర్తిగా తేరుకున్నాక మరో 6 నుంచి 9 నెలలు మందు వాడితే సాధారణంగా సరిపోతుంది. రెండు, మూడుసార్లు వచ్చినవాళ్లకు కనీసం రెండేళ్లు. మీకు వచ్చింది ఒక్కసారే అయితే, ఆపే మాట ఎప్పుడో ఎత్తాల్సింది.

మీ డాక్టరుగారిది నిర్లక్ష్యం అనుకోకండి, జంకు. మందు మొదలుపెట్టింది ఎక్కడో పెద్దాసుపత్రి. నెలనెలా ఇస్తున్నది మందుల షాపు. మధ్యలో ఉన్న ఫ్యామిలీ డాక్టరుకి ‘స్పెషలిస్టు రాసినదాన్ని నేను ఆపి, రేపు జబ్బు తిరగబెడితే మాట నాకొస్తుంది’ అనే భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. బ్రిటన్‌లో 150 జనరల్ ప్రాక్టీసుల్లో 478 మందితో చేసిన ‘ఆంట్లర్’ అధ్యయనం 2021లో వెలువడింది. అందరూ 9 నెలలకు పైగా మందు వాడుతూ, ఇప్పుడు బాగున్నాం, ఆపి చూద్దాం అనుకున్నవాళ్లే. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది ఆపినవాళ్లలో 56 శాతానికి, కొనసాగించినవాళ్లలో 39 శాతానికి. ఈ అంకెల్ని డాక్టర్లు ఒకవైపు నుంచే చదువుతారు. ఆపిన వందమందిలో 44 మంది ఏడాదంతా బాగానే ఉన్నారు కదా! రోజూ వేసుకున్నవాళ్లలో 39 మందికి జబ్బు ఎలాగూ వచ్చింది. అందుకే ‘వేసుకుంటూ ఉండండి’ అనేది కూడా ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయమే. కనీసం ఏడాదికోసారి డాక్టరు, మీరు కూర్చుని ఈ మందు ఇంకా ఎందుకు అని మాట్లాడుకోవాలి.

ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు, ఈమధ్య ఏళ్లలో రెండు మూడుసార్లు జబ్బు తిరగబెట్టినవాళ్లు, బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు మానసిక వైద్యుణ్ని చూడకుండా డోసు కదపకూడదు. మిగతావాళ్లకు ఊళ్లో డాక్టరు చాలు. మాత్ర ఎప్పుడు, ఎందుకు మొదలైంది, జబ్బు ఎన్నిసార్లు వచ్చింది, గరిష్ఠంగా ఎంత డోసు వాడారు, ఇదివరకు ఆపి చూస్తే ఏమైంది - ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. రోజంతా బజారులో ఒడియాలో బేరాలాడేవాళ్లకు కూడా మనసులో బాధ ఒడియాలో చెప్పమంటే మాట పెగలదు. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం పక్కనే కాబట్టి, కావాలంటే తెలుగులో మాట్లాడే డాక్టరుని అక్కడైనా చూసుకోవచ్చు.

ప్ర: సెర్ట్రలిన్ 50 మి.గ్రా. నాలుగేళ్లు వాడి, ఒకరోజు ఆపేశాను. మూడోనాటికి తల తిప్పితే చాలు లోపల కరెంటు షాక్ కొట్టినట్టు, తూలు, పిచ్చి కలలు, ఊరికే ఏడుపు. ‘జబ్బు తిరిగొచ్చింది’ అని ఇంట్లోవాళ్లు మళ్లీ వేయించారు. రెండోరోజుకే తగ్గింది. నాకు ఈ మాత్ర లేకుండా గడవదా? - రాయగడ

జ: మీకు వచ్చింది పాత జబ్బు కాకపోవచ్చు. మందు హఠాత్తుగా పోయేసరికి ఒళ్లు తిరగబడింది. తేడా పట్టడానికి మూడు గుర్తులు. ఒకటి సమయం: ఈ ఇబ్బందులు మందు ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలవుతాయి, డిప్రెషన్ తిరగబెట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. రెండోది లక్షణాలు: కరెంటు షాకులు, తూలు, వికారం, జలుబు చేసినట్టు ఒళ్లునొప్పులు మీ పాత జబ్బులో ఉన్నాయా? లేకపోతే ఇవి మందు మానినందువల్ల వచ్చినవే. మూడు, మళ్లీ వేసుకోగానే ఒకటి రెండు రోజుల్లో సర్దుకున్నాయి. డిప్రెషన్ అంత తొందరగా లొంగదు. ఫ్లూఆక్సెటిన్ మాత్రం ఈ లెక్కకు రాదు, అది ఒంట్లో వారాల తరబడి ఉంటుంది కాబట్టి ఇబ్బందులూ ఆలస్యంగా వస్తాయి.

ఇలా అందరికీ అవుతుందని బెదరొద్దు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్యపత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం మందు ఆపినవాళ్లలో సుమారు 31 శాతానికి ఏదో ఒక లక్షణం కనిపించింది. మందు లేని ఉత్తి మాత్ర ఆపినవాళ్లలోనూ 17 శాతానికి కనిపించింది! తీవ్రంగా బాధపడింది దాదాపు 35 మందిలో ఒకరు. మీరు ఈసారి 50 నుంచి 25కి, తర్వాత 25 మాత్రలో సగానికి, నెలకో మెట్టు చొప్పున దిగండి. మధ్యలో చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్ర: ఎసిటలోప్రామ్ 10 నుంచి 5కి ఇట్టే వచ్చేశాను. 5 ఆపబోతే చుక్కలు కనిపించాయి. రోజు విడిచి రోజు వేసుకోమని షాపతను చెప్పాడు. సరైనదేనా? - గుణుపురం

జ: రోజు విడిచి రోజు వద్దు. ఈ మందు ఒంట్లో సగానికి పడిపోవడానికి 30 గంటలు పడుతుంది. 48 గంటలు ఖాళీ ఇస్తే రక్తంలో మూడో వంతే మిగులుతుంది. అంటే రెండు రోజులకోసారి మందు ఆపి, మళ్లీ మొదలుపెట్టినట్టే. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఇంకా తొందరగా దిగిపోతాయి కాబట్టి వాటితో మరీ కష్టం. ఈ పద్ధతి పనికొచ్చేది ఒక్క ఫ్లూఆక్సెటిన్‌కే.

ఇక 5 దగ్గర ఎందుకు తడబడ్డారో చూద్దాం. మందుకీ మెదడుపై దాని పనికీ లెక్క సమానంగా ఉండదు. ఇదే కుటుంబానికి చెందిన సిటాలోప్రామ్ 20 మి.గ్రా. వేసుకుంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాగే పంపుల్లో సుమారు 80 శాతం మందు పట్టులోకి వస్తాయి. పట్టు 60 శాతానికి దిగాలంటే మందు ఏకంగా 5.4 మి.గ్రా.కి తగ్గాలి, 40 శాతానికైతే 2.3కి. కాబట్టి పైన సగం మందు తీసేసినా మెదడుకి పెద్దగా తెలియదు, కింద పిసరు తీసినా తెలుస్తుంది. పైమెట్లు పొట్టివి, అడుగుమెట్లు ఎత్తైనవి అనుకోండి. చాలామంది డాక్టర్లు ‘10 నుంచి 5, ఆ తర్వాత సున్నా’ అని రాసేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతోంది.

మీరు మళ్లీ 5తో మొదలుపెట్టి, రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక 5 మి.గ్రా. మాత్రలో సగం, అంటే 2.5, ఆరు వారాలు వాడండి. తర్వాత పావు ముక్క నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ తర్వాత ఆపొచ్చు. ఇప్పటికీ 10 మీద ఉన్నవాళ్లు 7.5 దగ్గర (ఒక 5 మాత్ర, మరో సగం) నెల ఆగి 5కి రావాలి. ఏ మెట్టు దగ్గర తూలు, చిరాకు ఎక్కువైతే దాని పైమెట్టుకి వెళ్లి కుదుటపడ్డాక ఇంకా చిన్న మెట్టు వేయాలి. కొందరికి మొత్తం నాలుగు నెలలు పడుతుంది, ఇంకొందరికి ఏడాది పట్టినా తప్పులేదు.

మందుల షాపులో దొరికే టాబ్లెట్ కట్టర్ వాడండి, కత్తిపీటతో కోస్తే సగం పొడి అవుతుంది. స్ట్రిప్ మొత్తం ఒకేసారి కోసి డబ్బాలో పోయొద్దు, వానాకాలం తేమకి ముక్కలు మెత్తబడతాయి. ఒకటి కోసి, మిగతాది రేపటికి ఉంచుకోండి. పావు ముక్కలు ఒక్కోటి ఒక్కోలా వచ్చినా పర్వాలేదు, వారం మొత్తం మీద లెక్క సరిపోతుంది. అయితే ‘సీఆర్’, ‘ఎక్స్‌ఆర్’ అని రాసి ఉన్న (మందుని నెమ్మదిగా వదిలే) మాత్రలు కోయకూడదు, నమలకూడదు. డులాక్సెటిన్ క్యాప్సూల్‌లోని గింజలకు కడుపులో ఆమ్లం తగలకుండా పూత ఉంటుంది, వాటిని నూరితే మందు పాడవుతుంది. ఇవి వాడేవాళ్లు తక్కువ డోసు రాయించుకోవాలి, లేదా డాక్టరు చేత మందు మార్పించుకోవాలి.

ప్ర: మా నాన్నగారికి 68. ఎసిటలోప్రామ్ పేరు పక్కన ‘ప్లస్’ అని ఉన్న మాత్ర మూడేళ్లుగా రాత్రి వేసుకుంటున్నారు. బీపీకి నీళ్లమాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) కలిసిన మందు, రోజుకో ఆస్పిరిన్ కూడా ఉన్నాయి. ఈమధ్య మగతగా ఉంటున్నారు, రెండుసార్లు తూలి పడ్డారు. మాత్ర ఆపేయమంటారా? - బరంపురం

జ: ఈ రాత్రికి ఆపకండి. ఆ ‘ప్లస్’ చాలావరకు క్లోనాజెపామ్ అనే మత్తు, ఆందోళన తగ్గించే మందు, సాధారణంగా 0.5 మి.గ్రా. స్ట్రిప్ వెనక చూడండి. ఏళ్ల తరబడి వాడిన క్లోనాజెపామ్ ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. ఈ జోడు మాత్రని సగం కోస్తే రెండు మందులూ ఒకేసారి తగ్గుతాయి, ఏ ఇబ్బంది దేనివల్లో తెలియదు. ముందు రెంటినీ విడివిడి మాత్రలుగా రాయించుకోండి. పెద్దవాళ్లు తూలిపడటానికి క్లోనాజెపామ్ ఒక ముఖ్య కారణం కాబట్టి మా ఓటు దాన్ని ముందు తగ్గించడానికే: రెండు నుంచి నాలుగు వారాలకు 0.125 చొప్పున, అంటే 0.25 మాత్రలో సగం. అది పూర్తిగా పోయి నెల గడిచాక ఎసిటలోప్రామ్ సంగతి చూడొచ్చు.

అన్నిటికన్నా ముందు ఈ వారమే రక్తంలో సోడియం పరీక్ష చేయించండి. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఎసిటలోప్రామ్, నీళ్లమాత్ర రెండూ సోడియం తగ్గించేవే, అది పడిపోతే మగత, తూలు, మాట తడబాటు వస్తాయి. దీన్ని ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ మాత్రతో ఆస్పిరిన్ కలిస్తే పొట్టలో రక్తం కారే అవకాశమూ పెరుగుతుంది. విరేచనం తారులా నల్లగా ఉంటోందా అని అడగండి.

ప్ర: ఎసిటలోప్రామ్ వాడుతుండగా మలేరియా వచ్చింది. ఆ కోర్సు అయ్యేదాకా దీన్ని ఆపేయాలా? - జయపురం

జ: ఆపొద్దు, డాక్టరుకి చెప్పండి. వైవాక్స్ మలేరియాకి ఇచ్చే క్లోరోక్విన్, ఈ మాత్ర రెండూ గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సిద్ధమయ్యే విద్యుత్ సమయాన్ని సాగదీస్తాయి, అతిగా సాగితే గుండె లయ తప్పొచ్చు. అలాగని మలేరియా వచ్చిన రోజు దీన్ని మానితే లాభం లేదు, ఒంట్లోంచి పోవడానికి ఐదారు రోజులు పడుతుంది, ఈలోపు జ్వరానికి తోడు తూలు, వికారం మొదలవుతాయి. ఈసీజీ తీయించుకుని కోర్సు పూర్తిచేయండి. జ్వరంతో పాటు రాసే అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఒండన్‌సెట్రాన్ కూడా ఇదే కోవలోవి. కాబట్టి షాపులో అడిగి సొంతంగా కొనుక్కోకండి, వాడుతున్న స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. మాత్ర వేసుకున్న అరగంటలోపే వాంతి అయితే అది ఒంటికి పట్టలేదనుకోవాలి. అలా రెండు మూడు రోజులు వరుసగా జరిగితే, తర్వాత వచ్చే షాకులు మలేరియావి కావు.