చెయ్యి విరిగిందనడానికి రుజువేది?

సందేహం: మాది కోనసీమలో లంక గ్రామం. ఐదు నెలల కిందట బోదె నీళ్ల గొడవలో పక్క రైతు నా చెయ్యి మెలితిప్పి విరిచాడు. పుత్తూరు కట్టు కట్టించుకున్నాను. ‘ఆడదానివి గట్టు మీదికెందుకు వెళ్లావ’ని ఊరంతా నన్నే అంటోంది. ‘జారిపడితే విరిగింది’ అన్న కాగితం మీద సంతకం చేస్తే ఖర్చులిప్పిస్తామని పెద్దలంటున్నారు. పాత తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తెస్తానని ఒకాయన అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీరు గట్టు మీదికి ఎందుకెళ్లారన్నది కేసు కాదమ్మా. కొట్టినవాడితో రేపు నీళ్ల వంతు పంచుకోవాలి కాబట్టి ఊరు దెబ్బ తిన్నవాళ్లనే నిలదీస్తుంది. కోర్టు ముందు చూసేది ఒక్కటే: ఎముక విరిగిందా, బెణికిందా?

విరిగితే అది తీవ్ర గాయం. భారతీయ న్యాయ సంహిత 117(2) కింద 7 ఏళ్ల వరకు శిక్ష, కాలపరిమితి అడ్డురాదు. రుజువు కాకపోతే 115(2) కింద మామూలు గాయమే. దానికి గరిష్ఠ శిక్ష ఏడాది, కోర్టుకెక్కే గడువూ ఏడాదే. అందులో 5 నెలలు చేజార్చుకున్నారు.

ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ‘ఫలానా అతను కొట్టాడు’ అని చెప్పి ఉంటే మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలపాల్సిన గాయంగా) రాసుకునేవారు, గాయం ఎలాంటిదో డాక్టరు రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్ వచ్చేది. అది చేయకపోవడం మీ పొరపాటే. కట్టుకు ముందు ఎక్స్‌రే తీయించారా? తీయిస్తే ఫిల్ము మూల మీ పేరు, తేదీ, నంబరు ఉంటాయి, చూడండి. తీసిన సెంటరుకు ఇవాళే వెళ్లి కంప్యూటర్లో ఆ బొమ్మ చెరపవద్దని రాసివ్వండి. కోర్టులో పెట్టడానికి, ఆ బొమ్మ వాళ్ల కంప్యూటర్లోదేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ కూడా కావాలి; సాక్ష్యాల చట్టమైన సాక్ష్య అధినియమం 63(4) కింద ఇస్తారు. తీయించకపోతే ఇప్పుడైనా ప్రభుత్వాసుపత్రిలో తీయించండి. అతుక్కున్న గుర్తు కనబడవచ్చు. అయితే అది ఎవరు విరిచారో చెప్పదు. అందుకు గట్టు మీద చూసినవాళ్లు, కట్టు కట్టినాయన కావాలి.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. దొంగ సాక్ష్యం పుట్టిస్తే శిక్ష 7 ఏళ్ల వరకు, నిజమైన దెబ్బా అబద్ధమైపోతుంది. పెద్దల కాగితమూ అంతే. ‘జారిపడ్డాను’ అని మీరే రాసిస్తే అవతలి లాయరుకు అదొక్కటి చాలు. రాజీ కావాలంటే కోర్టు అనుమతితో అక్కడే చేసుకోవచ్చు.

ఫిర్యాదులో ఆలస్యానికి కారణం దాచకుండా రాయండి: పెద్దలు ఆపి ఉంటే ఆ సంగతి, ఏయే తేదీల్లో కూర్చోబెట్టారో. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎస్సై తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి పంపి రసీదు దాచండి, అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. దగ్గర్లోని కోర్టు ఆవరణలో అడగండి.