చెవికి ఇంగ్లీషు నేర్పడం గురించి మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. “స్క్రిప్టు చూస్తే అన్నీ తెలిసిన మాటలే మావయ్యా, వింటే మాత్రం ఒక్కటీ అందట్లేదు” అన్నావు. నువ్వు రాయబోయే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో, విని జవాబు రాసే లిజనింగ్ భాగానికి 40 ప్రశ్నలు, రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు, లిజనింగ్‌లో 7 రాకపోతే ఇంగ్లండు నర్సు ఉద్యోగం కుదరదు. నీ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ మళ్ళీ మాటల పుస్తకం కొన్నానన్నావు చూడు, అది అక్కర్లేదు. నీకు మాటలు తక్కువ కాలేదు. రాజోలు పక్క బళ్ళలో ఇంగ్లీషు చెప్పినన్నాళ్ళూ నేను చూసింది ఒకటే. మనం ఆ భాషని కంటితో నేర్చుకున్నాం. పేజీ మీద మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది. నోట్లోంచి వచ్చేటప్పుడు ఆ ఖాళీ ఏ భాషలోనూ ఉండదు.

మన సంగతే చూడు. అమలాపురం బస్టాండులో “ఎక్కడికి వెళ్తున్నావు” అని ఎవరైనా విడదీసి అడుగుతారా? “ఎక్కడికెళ్తన్నావ్” అంటారు. పుస్తకం పట్టుకుని తెలుగు నేర్చుకున్న కేరళ సిస్టరుకి అదంతా ఒకే పొడుగాటి మాటలా వినపడుతుంది. ఎక్కడ తెగుతుందో మనకి తెలుసు, ఎందుకంటే ఆ పని మన చెవి పసితనంలోనే నేర్చేసుకుంది. 1996లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. 8 నెలల పిల్లలకి అర్థంలేని అక్షరాల్ని ఆపకుండా రెండు నిమిషాలు వినిపిస్తే చాలు, ఏ అక్షరం వెనకాల ఏది తరచుగా వస్తోందో పట్టేసి, ఎక్కడ మాట ముగుస్తోందో గుర్తించారు.

పెద్దయ్యాక వచ్చే చిక్కు ఏమిటంటే, మన భాష నేర్పిన పద్ధతినే ఇంకో భాష మీద కూడా వాడేస్తాం. ఆన్ కట్లర్ అనే పరిశోధకురాలు జీవితమంతా దీని మీదే పనిచేశారు. మామూలు ఇంగ్లీషు మాటల్లో, అర్థం మోసేవి నూటికి 90 దాకా, ఒత్తి పలికే అక్షరంతోనే మొదలవుతాయట. అందుకే ఇంగ్లీషువాళ్ళు ఒత్తు వినపడగానే అక్కడ కొత్త మాట మొదలైందనుకుంటారు. ఒక ప్రయోగంలో “కండక్ట్ ఎసెంట్స్ అప్‌హిల్” అని వినీ వినపడనంత చిన్నగా వినిపిస్తే, “ది డాక్టర్ సెండ్స్ హర్ బిల్” అని, డాక్టరు బిల్లు పంపుతున్నట్టు విన్నవాళ్ళున్నారు. డక్ట్, సెంట్స్, హిల్ అన్న మూడు ఒత్తుల దగ్గరా కొత్త మాట పెట్టేసుకున్నారన్నమాట.

మన పద్ధతి వేరు. తెలుగువాళ్ళ చెవి మాత్రల్ని, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం కొలతల్ని, పట్టుకుని నడుస్తుందని, జపాన్ వాళ్ళదీ అదే దారని 2007లో లలితా మూర్తి, ఒటాకె, కట్లర్ కలిసి చూపించారు. లఘువుకి ఒకటి, గురువుకి రెండు అని లెక్క కట్టి పద్యం చెప్పుకున్నవాళ్ళం కదా, నాకది సబబుగానే అనిపించింది. మనం ప్రతి అక్షరానికీ దాని వంతు ఇస్తాం. ఇంగ్లీషువాళ్ళు ఒకదాన్ని ఒత్తి పలికి మిగతావి మింగేస్తారు. నువ్వు వార్డులో రోజూ వాడే “టెంపరేచర్” వాళ్ళ నోట “టెంప్రచ” అవుతుంది, “మెడిసిన్” “మెడ్సిన్” అవుతుంది. “చెక్ అప్ ఆన్ హర్” అన్నది “చెకపానర్” అయిపోతుంది. నీ బుర్రలో ఉన్న రూపం వేరు, చెవిలో పడేది వేరు. తెలిసిన మాట అందకపోవడానికి కారణం ఇదే.

అందుకని ఇలా చెయ్యి. అర నిమిషం రికార్డింగు చాలు, అంతకంటే పెద్దది వద్దు. మొదటిసారి ఒత్తి పలికిన మాటలు మాత్రమే కాగితం మీద వెయ్యి. వాటితోనే విషయం సగం తెలుస్తుంది. ఇంకో రెండు మూడు సార్లు విని మధ్యలో ఉన్నవి పూరించు, అందనిచోట గీత గియ్యి. ఆ తర్వాతే స్క్రిప్టు తెరువు. ప్రతి గీత దగ్గరా ఆగి చూసుకో, అది తెలియని మాటా, తెలిసీ జారిపోయినదా అని. ఎక్కువ భాగం రెండో రకమే ఉంటాయి. జారిన ముక్కని వాళ్ళు ఎలా మింగారో అలాగే, అదే వేగంతో, నోటితో పైకి అను. సిగ్గుపడకు, గది తలుపేసుకుని అను. ఈ నోటి పని మానేసి వట్టిగా వింటూ కూర్చుంటే ఫలితం చాలా నెమ్మదిగా వస్తుంది.

నైట్ డ్యూటీ నుంచి వచ్చి రెండు గంటలు కూర్చోవద్దు. రోజూ పావుగంట చాలు. గొంతులు మాత్రం మారుస్తూ ఉండు. ఆడ, మగ, ముసలి, స్కాట్లండు యాస, అన్నీ వినాలి. ఒకే టీచరు వీడియోలు వింటే ఆ ఒక్క గొంతే అలవాటవుతుంది.

సీరియల్సు చూస్తానన్నావు, చూడు. కింద ఇంగ్లీషు అక్షరాలే పెట్టుకో. 2009లో డచ్ వాళ్ళ మీద చేసిన పరిశోధనలో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకున్నవాళ్ళకి కొత్త యాస అలవాటైంది, సొంత భాషవి పెట్టుకున్నవాళ్ళకి అసలు ఏవీ లేనప్పటికంటే తక్కువ వచ్చింది. కథ అర్థమైపోతే చెవి పనిచెయ్యడం మానేస్తుంది మరి.

మన సఖినేటిపల్లి, మలికిపురం వైపు నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసొచ్చిన ఆడవాళ్ళని చూశావుగా. అరబ్బీ అక్షరం ఒక్కటీ రాదు, మాట మాత్రం గడగడా వచ్చు. వాళ్ళు మొదటి నుంచీ చెవితోనే పట్టారు, మధ్యలో పుస్తకం లేదు. వాళ్ళని నేను మనసారా గౌరవిస్తాను. నీ పక్కింటి పిన్నిని అడుగు, మొదట్లో ఏం చేసిందో చెబుతుంది.

పరీక్షలో ఒక మాట జారితే దాని వెనకాల పడకు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా చాలా మాటల్ని, ముఖ్యంగా చిన్నవాటిని, తర్వాతి మాట విన్నాకే గుర్తుపడతారు. ముందుకి వెళ్ళు, వెనకది దానంతటదే తేలచ్చు. తేలకపోతే ఒక మార్కు పోతుంది, అంతే. ఆగిపోతే నాలుగు పోతాయి.

ఈ ఆదివారంలోగా ఒక అర నిమిషం ముక్క చేసి, గీతలతో సహా ఆ కాగితం ఫోటో తీసి పంపు. రికార్డింగు కూడా పంపు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను, కలిసి విందాం.

ఆశీస్సులతో,
నీ మావయ్య