క్లాసు సంగతి తర్వాత, ముందు మీవారితో మాట్లాడండి

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. క్లాసులో నత్తితో మాట్లాడే పిల్లాణ్ణి నెలల తరబడి వెక్కిరిస్తున్నాడని స్కూలు నుంచి పిలిచారు. మావారిది కూడా వెటకారం మాటే. మార్కులు తగ్గితే చుట్టాల ముందు వీణ్ణి ఆటపట్టిస్తారు, సరదాకే లెండి. మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం క్లాసులో చేర్పిస్తే వీడి స్వభావం మారుతుందా? రోజుకి ఎన్ని నిమిషాలు చేయించాలి?

జవాబు: నిమిషాల లెక్క పక్కన పెట్టండమ్మా. "సరదాకే లెండి" అని మీరు దాటేశారే, నాకు టెన్షన్ పెట్టింది ఆ మాటే.

ధ్యానం మంచిదే. కోపం వచ్చిందని గమనించి, నోరు జారేలోపు ఆగడం నేర్పుతుంది. మీవాడు కోపంలో నోరు జారడం లేదు. కావాలని, పదేపదే, ఎదురు చెప్పలేనివాణ్ణి ఎంచుకుని బాధపెట్టడమే బుల్లీయింగ్ అన్నారు నార్వేలో దీనిపై పరిశోధన చేసిన డాన్ ఓల్వియస్. మీవాడు చేసినదాంట్లో ఆ మూడూ ఉన్నాయి. పైగా బ్రిటన్‌లో వేలమంది బడిపిల్లలతో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. క్లాసులో మైండ్‌ఫుల్‌నెస్ నేర్పినా, మామూలు పాఠాల కన్నా అదనంగా మేలేమీ కనిపించలేదు. ఇంటికెళ్లి సాధన చేసిన పిల్లలే తక్కువ.

స్వభావం మాటకొస్తే, సాటివాడి బాధ పట్టని పిల్లల్లో ఈ ధోరణి ఎక్కువన్నది నిజం. అయినా 14 ఏళ్లకి స్వభావం శిలాశాసనమేమీ కాదు. తండ్రి నలుగురిలో నవ్వులపాలు చేస్తుంటే, మీరూ ఊరుకుంటే, వాడు నేర్చుకునేది ఒక్కటే: బలమున్నవాడు నవ్వొచ్చు, లేనివాడు పడాలి. భర్త మనసు నొచ్చుకుంటుందని బిడ్డ అవమానాన్ని చూస్తూ ఊరుకోవడం నా దృష్టిలో ఓర్పు అనిపించుకోదు.

వాడు ఇంట్లో లేనప్పుడు మీవారితో సూటిగా చెప్పండి, చుట్టాల ముందు ఇక ఆ మాటలు వద్దని. ఆయన వాడి దగ్గర "నేనన్నది తప్పురా" అని ఒప్పుకోవాలి. తండ్రి నోట ఆ మాట వినని పిల్లాడు బయట ఎవరికి సారీ చెప్పినా పైపైనే చెబుతాడు. అలాగని వాడు చేసింది మాఫీ అయిపోదు. వీడు వెక్కిరించిన పిల్లాడి అమ్మానాన్నల్ని మీరిద్దరే ముందు కలవండి. వాళ్లు సరేనంటేనే మీవాణ్ణి తీసుకెళ్లండి. ఆ పిల్లాడు వీడి మొహం చూడనంటే బలవంతపెట్టొద్దు, అది వాడి హక్కు. టీచర్ని కలిసినప్పుడల్లా ఆ పిల్లాడు క్లాసులో ధైర్యంగా మాట్లాడుతున్నాడా అని కూడా అడగండి.

ఇక ధ్యానం అంటారా, పక్కన మీవారూ కూర్చుంటానంటే రేపే మొదలుపెట్టించండి.